కత్తెర పడని కోటు

పద్దెనిమిదో భాగం

కిందటి వారం మనం బొత్తాన్ని పెద్దసారు గదిలో రెండు బొమ్మల ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. బల్ల మీద ఎడమ పక్కన ఉన్నది ఆమె రెండేళ్ళు కూర్చుని తయారుచేసిన వానపిల్ల. నీళ్ళలో మునిగిన ఊళ్ళో పడవ మీద ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచే పదకొండేళ్ళ పిల్ల అది. ఈ ప్రచురణ సంస్థ వేయబోతున్న నాలుగు బొమ్మల పుస్తకాలకీ ఆ పిల్లే నాయిక. కుడి పక్కన ఉన్నది వేరే సంస్థవాళ్ళు తమ కొత్త బొమ్మల పుస్తకానికి నాలుగు రోజుల కిందట విడుదల చేసిన పోస్టరు. అందులోనూ ఒక పిల్లే. ముఖం వేరు, జుట్టు వేరు, నిలబడింది రైల్వే స్టేషన్లో. వేసుకున్న కోటు మాత్రం ఇదే.

ఏదో పోలిక ఉందని కాదు, అచ్చంగా ఇదే. పెద్ద మగమనిషి కోటు. ఎక్కడా కత్తిరించకుండా, మిగిలిన గుడ్డంతా లోపలికి మడిచి పిల్లకి సరిపెట్టిన కోటు. చేతులకి ఒక్కోదానికి నాలుగేసి మడతలు. పిల్ల పెరిగేకొద్దీ పుస్తకానికొక మడత చొప్పున విప్పుతారు. విప్పిన చోట ఎండ తగలని గుడ్డ ముదురు రంగులో పట్టీలా కనిపిస్తుంది. పైనుంచి మూడో బొత్తాం మిగతావాటితో కలవదు. జేబు పిల్ల మోకాలి దాకా దిగి ఉంటుంది కాబట్టి, అందులో చెయ్యి పెట్టాలంటే ఓ పక్కకి వంగాలి. వానపిల్ల అలాగే వంగి నిలబడుతుంది. పోస్టరులో పిల్లా అలాగే వంగి నిలబడింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఒక మాట చెప్పాలి. బొత్తాం అసలు పేరుతో ఆ ఆఫీసులో ఎవరికీ పని లేదు. బొమ్మల్లో ఉండే మనుషులకి ఏ బట్టలు వెయ్యాలో ఆలోచించి, ముందూ వెనకా పక్కలూ అన్నీ కనిపించేలా గీసి ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఆ కాగితం చూసే మిగతా ఆర్టిస్టులు పుస్తకమంతా బొమ్మలు వేస్తారు. ఓ ముసలి పడవవాడి చొక్కాకి ఎలాంటి బొత్తాం పెట్టాలా అని మూడు రోజులు సరిగా తిండి కూడా తినకుండా బుర్ర బద్దలుకొట్టుకుంది. ఆ దెబ్బతో బొత్తాం అన్న పేరు అతుక్కుపోయింది.

"రెండే దార్లు," అన్నాడు పెద్దసారు. సంస్థ ఆయనదే. "నువ్వైనా దీన్ని వాళ్ళకి అందించి ఉండాలి, వాళ్ళదైనా చూసి నువ్వు గీసి ఉండాలి. మూడోది ఉంటే చెప్పు."

"ఉంది సార్. వాళ్ళే నాది ఎత్తుకుపోయారు."

"ఎలా?"

బొత్తాం రెండు బొమ్మల కేసీ మళ్ళీ చూసింది. ఎలాగో తెలిస్తే కదా చెప్పడానికి.

"ఐదింటికి లాయరు వస్తాడు. ఈలోపు రుజువు తెచ్చావా, నీ వెనకాల నేనుంటా. తేలేదా, వానపిల్లని ఇక్కడితో ఆపేస్తాం. నువ్వూ వెళ్ళిపోవచ్చు. ఒకటి గుర్తుపెట్టుకో, ఆ పిల్ల మా సంస్థది. బయటికెళ్ళి దాన్ని ఇంకెక్కడా గియ్యడానికి వీల్లేదు."

ఉద్యోగం పోతుందన్న మాట ఆమె చెవికి ఎక్కనే లేదు. చివరి మాట మాత్రం గుండెలో దిగింది. ఆ పిల్ల చలేస్తే కాలర్ని ఏ చేత్తో పట్టుకుంటుందో, ఉత్తరాలు తడవకుండా కోటు లోపల ఏ వైపు దాచుకుంటుందో, నాలుగో పుస్తకంలో ఆఖరి మడత విప్పినప్పుడు ఎంతసేపు అద్దం ముందు నిలబడుతుందో అన్నీ ఆమెకి తెలుసు. పిల్లాపాపా లేని మనిషి. ఎవరేమనుకున్నా సరే, ఆమెకి ఆ పిల్లే లోకం. ఆ పిల్లని బీరువాలో పెట్టి తాళం వేస్తామంటే ఎవరి ప్రాణం మాత్రం ఊరుకుంటుంది?

సంపాదకురాలు మేడమ్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ కిందట బొత్తాన్ని ఈ ఉద్యోగంలోకి తీసుకున్నది ఆవిడే. ఇప్పుడు లేచి వచ్చి తన భూతద్దం బల్ల మీద పెట్టింది.

"ఏడవకుండా చూడు. అంగుళం అంగుళం చూడు," అంది.

బొత్తాం చూసింది. చేతులు చూసింది, మడతలు లెక్కపెట్టింది, జేబు చూసింది. పోస్టరులో పిల్ల సగం వెనక్కి తిరిగి ఉంది. మెడ వెనక, కాలరు కింద, ఎర్రదారంతో ఏదో చిన్న కుట్టుపని ఉన్నట్టు గీశారు. అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకున్న రెండు గీతలు, వాటిలో ఒకదానికి కిందికి తోక. చూసినవాళ్ళంతా ముచ్చటైన అలంకారం అనుకుని ఊరుకున్నారు. బొత్తాం మాత్రం భూతద్దం ఇంకా దగ్గరికి దించింది.

"ఇది మా నాన్న గుర్తు," అంది.

ఆమె తండ్రి నలభై ఏళ్ళు దర్జీ. ఆమె గీసే ప్రతి బట్టా ముందు ఇంట్లోనే పల్చటి ట్రేసింగ్ కాగితం మీద ఆయన చేతికి వెళుతుంది. కుట్టడానికి వీలుకాని బట్ట బొమ్మలో కూడా ఉండకూడదన్నది ఆ ఇంటి నియమం. నీలం పెన్సిలుతో ఆయన ఎక్కడ కుట్టు వస్తుందో, ఎక్కడ ఎంత గుడ్డ వదలాలో గుర్తులు పెడతాడు. ఈ తోక గీతల గుర్తుకి ఆయన భాషలో ఒకటే అర్థం. ఇక్కడ కత్తెర పెట్టొద్దు, మడిచి కుట్టు. వేరే దర్జీలెవరూ వాడరు, ఆయన సొంతం. ఆ గుర్తులన్నీ చూసుకుని ఆమె వేరే కాగితం మీద శుభ్రంగా మళ్ళీ గీసి ఆఫీసుకి తెస్తుంది. ట్రేసింగ్ కాగితాలు ఏనాడూ ఇల్లు దాటలేదు.

"అర్థమైందా సార్? ఎవరో మా ఇంట్లో ఉన్న కాగితం చూశారు. దర్జీ పెట్టుకున్న గుర్తుని అలంకారం అనుకుని కోటు మీదికి ఎక్కించేశారు. ఈ పోస్టరు గీసినామెకి బొమ్మలొచ్చు గానీ కుట్టు రాదు. నా శుభ్రమైన బొమ్మలో ఈ గుర్తే లేదు చూడండి. నేను వాళ్ళది చూసి గీసుంటే నాకెందుకు ఉండదు? నేనే ఇచ్చుంటే ఈ బొమ్మే ఇచ్చేదాన్ని కదా?"

పెద్దసారు రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో కాస్త వెలుగొచ్చింది.

"మీ నాన్న వచ్చి చెప్తారా ఈ మాట?"

"చెప్తారు."

"మేడమ్, మీరూ వెళ్ళండి. మీ కళ్ళతో చూసి, మీ చెవుల్తో విని రండి."

అప్పటికి మూడున్నర. కార్లో వెళుతున్నంతసేపూ బొత్తాం పోస్టరుని చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికెవరొచ్చారా అని ఒకటే ఆలోచన. నాన్న తలుపు తట్టిన ప్రతివాణ్ణీ లోపలికి పిలిచి కూర్చోబెట్టే రకం. మీటరు చూడటానికొచ్చినవాడికి కూడా మంచినీళ్ళిచ్చి మాట కలుపుతాడు. ఎవరో నమ్మించి ఆ కాగితాల ఫోటో తీసుకుని ఉంటారు. ఎవరైతేనేం, ఆ పోస్టరు ఆర్టిస్టు తన కడుపు మీద కొట్టింది. దొరికిపోయింది.

మూడంతస్తులూ ఎక్కేసరికి మేడమ్‌కి ఆయాసం వచ్చింది. ముందు గదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆరేళ్ళుగా అది మందుసీసాలు పెట్టుకునే బల్ల. తండ్రి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు.

"ఈ వేళప్పుడొచ్చావేంటి తల్లీ? ఒంట్లో బాలేదా?"

బొత్తాం మంచం కింద పెట్టె లాగి కాగితాలు లెక్కపెట్టింది. కోటువి పదకొండు ఉండాలి, పదకొండూ ఉన్నాయి. మడత నలగలేదు, వరస తప్పలేదు. ఫోటోయే తీశారన్నమాట అనుకుంది. కోటు వెనక భాగం గీసిన కాగితం తీసి, దాని పక్కన పోస్టరు పరిచి, తండ్రి ఒళ్ళో పెట్టింది.

"నాన్నా, మా మేడమ్ గారు. ఆవిడ ముందు చెప్పు. ఈ మెడ దగ్గరున్నది నీ గుర్తేనా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పోస్టరుని చాలాసేపు చూశాడు. వేలితో ఆ ఎర్రదారం బొమ్మని తడిమాడు. ఉన్నట్టుండి ఆయన ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"నాదే," అన్నాడు.

"విన్నారా మేడమ్?" బొత్తాం నేల మీద కూర్చుండిపోయింది. "హమ్మయ్య. బతికించావు నాన్నా."

"ఇంకా ఊడిపోలేదన్నమాట," అన్నాడాయన.

"ఏంటి ఊడిపోలేదు?"

"దారం."

ఆయనే మళ్ళీ అందుకున్నాడు. ఎన్నాళ్ళగానో అడిగేవాళ్ళు లేక ఆగిపోయిన మాటలవి, తన్నుకొచ్చాయి.

"ఇరవయ్యారేళ్ళయిందేమో. ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికొచ్చింది. ఆవిడ భర్త స్టేషన్లో పనిచేసేవాడు. పోయాడు. ఆయన కోటు తెచ్చి నా ముందు పెట్టి, పిల్లకి సరిపొయ్యేలా చెయ్యండి మాస్టారూ, కత్తెర మాత్రం పెట్టకండి, ఆయనది కొయ్యకండి అంది. నేను నవ్వాను. కొయ్యకుండా ఎలా అవుతుందమ్మా అన్నాను. ఆ పిల్ల నాకేసి ఎలా చూసిందనుకున్నావ్. రెండు రోజులు వేరే పని ముట్టలేదు నేను. మొత్తం మడిచే కుట్టాను. జేబు కదపాలంటే కొయ్యాలి కదా, అందుకని కిందే ఉంచేశాను. పాపం వంగి చెయ్యి పెట్టుకునేది. మూడో బొత్తాం ఊడిపోయుంటే నా చొక్కాది పీకి కుట్టాను. నేను పోయాక ఇంకో దర్జీ చేతిలో పడితే కోసేస్తాడేమోనని, మెడ వెనక ఎర్రదారంతో ఈ గుర్తు కుట్టి పంపించాను. ఏడాదికోసారి వచ్చేది, ఒక్కో మడత విప్పేవాణ్ణి. అలా నాలుగేళ్ళు వచ్చింది."

పోస్టరు అడుగున ఆర్టిస్టు ఫోటో ఉంది, తపాలా బిళ్ళంత. ముప్ఫై అయిదు దాటిన ఆడమనిషి. ఆయన దాని మీద వేలు పెట్టాడు.

"ఈ పిల్లే. చూపు మారలేదు."

రెండేళ్ళుగా ఈ గదిలోనే, ఈ కుర్చీ పక్కనే కూర్చుని గీసిన సాయంత్రాలన్నీ ఒక్కసారి బొత్తాం మీదికొచ్చి పడ్డాయి. జేబు ఇంకా కిందికి పెట్టు తల్లీ. మూడో బొత్తాం వేరేగా ఉండాలి. మడతలు మూడు కాదు, నాలుగు. తామిద్దరూ కలిసి ఆలోచిస్తున్నామనుకుందామె. ఆయన మాత్రం గుర్తు చేసుకుంటున్నాడు.

"వంగి నిలబడటం నాదే కదా?" అంది. "అదొక్కటైనా నాదే కదా నాన్నా?"

"నువ్వు నిటారుగా గీశావు తల్లీ. జేబు అందదు, వంగాలి అని నేనే చెప్పాను."

"ఎందుకు చెప్పలేదు నాకు? ఇది ఎవరిదో పిల్ల కోటు అని ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది నీకు?"

ఆయన నవ్వు ఆరిపోయింది. ఏదో తప్పు జరిగిందని అప్పటికిగానీ తట్టలేదు ఆ మనిషికి. వణికే చేతిని కండువాలో దాచుకున్నాడు.

"దుకాణం మూసేశాక నన్నెవరూ ఏమీ అడగలేదే. మాత్ర వేసుకున్నావా అనడమే. ఓ రోజు నువ్వొచ్చి, నాన్నా ఒక పిల్లుంది, దానికి వాళ్ళ నాన్న కోటు తప్ప ఏం లేదు, నువ్వైతే ఎలా కుడతావ్ అనడిగావు. నేను కుట్టింది చెప్పాను. పాతదని తెలిస్తే వద్దనేసి, మళ్ళీ నా దగ్గర కూర్చోవేమోనని భయమేసింది. ఆ పిల్ల బొమ్మలేస్తుందని నాకేం తెలుసు?"

బొత్తాం రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. ఏడుపు రాలేదు. ఏడుపొస్తే నయం. తను రుజువనుకుని పరిగెత్తుకొచ్చింది తన మెడకే చుట్టుకుంది. ఆ ఆర్టిస్టు ఏమీ దొంగిలించలేదు. తన చిన్నప్పటి కోటు తను గీసుకుంది. తన తండ్రి కోటు, తన స్టేషను, తన మెడ వెనక దారం. ఎత్తుకొచ్చింది ఎవరయ్యా అంటే, తెలిసో తెలియకో బొత్తామే.

గోడ గడియారంలో నాలుగుంబావు అయింది. మేడమ్ గుమ్మం దగ్గర నిలబడే ఉంది.

నాలుగు పుస్తకాలు. రెండేళ్ళు. పడవ మీద, వానలో, ఆ పిల్ల.

"నాన్నా, చొక్కా మార్చుకో," అంది బొత్తాం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు?"

"ఆఫీసుకి. ఆ గుర్తు నాదేనని చెప్పు. అంతే. ఇంకేం చెప్పొద్దు."

"అంతే చెప్తే అబద్ధం కాదుగా?"

"కాదు."

ఆయన లేచి లోపలికెళ్ళాడు. బొత్తాం మేడమ్ కేసి తిరిగింది. చేతులు జోడించబోయి, సిగ్గేసి దించేసింది.

"నేను దొంగని కాను మేడమ్. నాకు తెలీదు. ఒట్టు, తెలీక చేశాను."

"తెలీకుండా చేసింది ఇందాకటి వరకూ," అంది మేడమ్. "ఇప్పుడు తెలుసు కదా."

కోప్పడి ఉంటే ఎదురు చెప్పేది. మేడమ్ మాత్రం మామూలుగా అనేసి, మెట్ల వైపు నడిచింది. కార్లో, ఆవిడ ఆఫీసులో ఏం చెప్తుందో తెలియక బొత్తాం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. తండ్రి వెనక సీట్లో, చొక్కా పైబొత్తాం వణికే చేత్తో పెట్టుకోలేక, అలాగే వదిలేశాడు. వేరే రోజైతే ఆమే పెట్టేది. ఈ వేళ చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది.

ఐదింటికి పెద్దసారు గదిలో లాయరు సిద్ధంగా ఉన్నాడు. తండ్రికి కుర్చీ వేశారు. పోస్టరు ముందు పెట్టారు.

"ఈ గుర్తు మీదేనా పెద్దాయనా?"

"నాదే సార్."

"మీ అమ్మాయి కాగితాల మీద మీరు వేసేది ఇదేనా?"

"ఇదే."

"ఇంకెవరైనా వాడతారా దీన్ని?"

"ఎవరూ వాడరు. నాకు నేను పెట్టుకున్నది."

ఒక్క ముక్కా అబద్ధం లేదు. లాయరు తృప్తిగా కలం మూశాడు. పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "టీ తెప్పించండి ఎవరైనా," అన్నాడు. లేచొచ్చి బొత్తాం భుజం తట్టాడు. "నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు. వానపిల్ల వచ్చే నెలలోనే వస్తుంది. నువ్వు మూడో పుస్తకం మొదలుపెట్టు."

బొత్తాం తలూపింది. అయిపోయింది. గట్టెక్కింది. నవ్వాలి కాబట్టి నవ్వింది.

"ఇంకొక్క పని," అంటూ లాయరు ఓ కాగితం ముందుకు జరిపాడు. "పోస్టరు గీసినావిడ మీద ఫిర్యాదు. మీ ఇంట్లోంచి కాగితాల నకలు దొంగతనంగా సంపాదించి, మీ సృష్టిని తనదని చెప్పుకుంటోందని. కింద సంతకం మీది."

"ఫిర్యాదెందుకు?" అంది బొత్తాం. "నామీద అనుమానం పోయింది కదా, చాలు."

"చాలదు," అన్నాడు పెద్దసారు. "ఒకే కోటు వేసుకుని ఇద్దరు పిల్లలు బజార్లో ఉంటే ఎవరిది ఎవరిదని నేను రోజూ చెప్పుకుంటూ కూర్చోవాలా? వాళ్ళది ఆగాలి. ఆ మనిషికి ఇంకే సంస్థా పెన్సిలు ఇవ్వకూడదు."

ఇంటి దగ్గర చొక్కా మార్చుకోమన్నప్పుడు ఆమె ఇంతవరకూ ఆలోచించలేదు. తను బయటపడటం ఒక్కటే కనిపించింది. ఇప్పుడు చూస్తే, తన పిల్ల బతకాలంటే ఆ రెండో పిల్ల చావాలి. తండ్రి పోయాక కోటు కొయ్యొద్దని వచ్చి నిలబడ్డ పిల్ల. బొత్తాం తన తండ్రి కేసి చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. కండువా కింద చెయ్యి ఆగకుండా కొట్టుకుంటోంది. ఒక్క మాట అను నాన్నా, వద్దను, నేను ఆగిపోతాను అని మనసులో బతిమాలుకుంది. ఆయన అనలేదు. అంతే చెప్పమన్నది కూతురే కదా, అంతే చెప్పి ఊరుకున్నాడు.

సంతకం పెట్టింది.

"సాక్షి సంతకం మేడమ్ గారు పెడతారు," అన్నాడు లాయరు. "ఇంటికెళ్ళి స్వయంగా విన్నది ఆవిడే కదా."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకుంది. మొదటి వాక్యం నుంచి చివరి దాకా తీరిగ్గా చదివింది. బొత్తాం సంతకం దగ్గర ఆగింది. టీ వచ్చింది, ఎవరూ తీసుకోలేదు.

"అవును," అంది చివరికి. "నేను విన్నాను."

బొత్తాం ఊపిరి పీల్చుకోబోయింది.

"కానీ నేను విన్నది ఇందులో లేదే," అంది మేడమ్. "అది కూడా రాస్తే పెడతాను."

"ఏముంది ఇంకా రాయడానికి?" అన్నాడు పెద్దసారు.

మేడమ్ కాగితం లాయరుకి ఇవ్వలేదు. తన కలంతో సహా తీసుకొచ్చి బొత్తాం ముందు పెట్టి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.